పాఠం 9 : మెడలో చీటీ – కథ ద్వారా పిల్లలకు పఠనావగాహన

9.1 పరిచయం



పిల్లలకు అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు ఎలా పరిచయం చేయాలో ఇంతకు ముందు పాఠాల్లో తెలుసుకున్నారు. ఇప్పుడు ఒక అడుగు ముందుకు వేద్దాం.

రెండో తరగతి చదివే పిల్ల వాచకంలో ఒక పేజీని ఎక్కడా తడబడకుండా గడగడ చదివేస్తుంది. ఇంట్లో వాళ్ళు సంతోషిస్తారు. "కథలో ఏం జరిగిందమ్మా?" అని అడిగితే మాత్రం ఆ పిల్ల మాట్లాడదు, మళ్ళీ పుస్తకం తెరవబోతుంది. ఇలాంటి పిల్లలను మీరు చూసే ఉంటారు. ఆ పిల్లకు తెలివి లేదని అనుకోకూడదు. ఆమెకు అక్షరాలు పలకడం నేర్పారు కాని, చదివినదాన్ని అర్థం చేసుకోవడం ఎవరూ నేర్పలేదు. అర్థం చేసుకోవడం కూడా నేర్పవలసిన విషయమే, నేర్పితే వచ్చేదే.

ఈ పాఠంలో ఒక నమ్మకమైన కుక్క కథను ఆధారంగా తీసుకొని ఆ పని ఎలా చేయాలో చూద్దాం. మీరు తల్లి లేదా తండ్రి కావచ్చు, అంగన్‌వాడీలో పనిచేస్తుండవచ్చు, తమ్ముడికో చెల్లెలికో చదువు చెబుతుండవచ్చు. మీరు ఎవరైనా సరే, ఈ పద్ధతిని ఇంట్లోనే అమలు చేయవచ్చు. దీనికి కావలసినది ఒక కథ, కొంత ఓపిక.

9.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు :
– అక్షరాలు పలకడానికి, అర్థం చేసుకోవడానికి మధ్య తేడా చెప్పగలుగుతారు;
– కథ చదివే ముందు, చదివేటప్పుడు, చదివిన తరువాత చేయవలసిన పనులను వివరించగలుగుతారు;
– ఒక కథ మీద మూడు రకాల ప్రశ్నలు తయారు చేయగలుగుతారు;
– పిల్లలు చెప్పే తప్పు జవాబు వెనుక ఉన్న ఆలోచనను గుర్తించగలుగుతారు;
– జనం చెప్పుకునే కథకు, ఆధారాలు ఉన్న సంఘటనకు తేడా పిల్లలకు చూపగలుగుతారు.

9.3 పలకడం వేరు, అర్థం చేసుకోవడం వేరు

ముందుగా మీరే ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. కింది వాక్యం పైకి చదవండి.

"ఒక లిబక చొంతెలో మరికిని జెలికింది."

చదివారు కదా! ఇప్పుడు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పండి.
లిబక దేనిని జెలికింది? – మరికిని.
ఎక్కడ జెలికింది? – చొంతెలో.

రెండు జవాబులూ సరైనవే. పరీక్షలో అయితే మీకు మార్కులు కూడా పడతాయి. అయినా ఆ వాక్యంలో మీకు అర్థమైనది ఏమీ లేదు. ఎందుకంటే అందులోని మాటలకు అర్థమే లేదు. అవి ఈ పాఠం కోసం కల్పించినవి. విభక్తి ప్రత్యయాల సాయంతోనే మీరు జవాబులు పట్టుకోగలిగారు.

చాలామంది పిల్లలు పాఠం వెనుక ప్రశ్నలకు ఇలాగే జవాబులు రాస్తారు. ప్రశ్నలోని మాట పాఠంలో ఎక్కడుందో వెతికి, ఆ వాక్యాన్ని చూసి రాస్తారు. కాబట్టి "ఎవరు? ఎక్కడ? దేనిని?" అనే ప్రశ్నలతోనే ఆగిపోతే, పిల్లలకు అర్థమైందో లేదో మనకు తెలియదు.

ఇది బడికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. మందుల చీటీ మీద "తిన్న తరువాత" అని రాసి ఉంటుంది. అప్పు కాగితంలో గడువు తేదీ ఉంటుంది. ఆ అక్షరాలు పలకగలిగి, వాటి అర్థం గ్రహించలేకపోతే నష్టపోయేది మనమే. కేంద్ర ప్రభుత్వం 2021 జులై 5న ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం కూడా పిల్లలు చదవగలిగితే చాలని అనలేదు. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవగలగాలని లక్ష్యం పెట్టుకుంది.

పాఠ్యగత ప్రశ్నలు 9.1
ఖాళీలు పూరించండి.
1. "లిబక" వాక్యానికి జవాబులు చెప్పగలగడానికి మనకు సాయపడినవి ________ ప్రత్యయాలు.
2. నిపుణ్ భారత్ కార్యక్రమం ప్రారంభమైన సంవత్సరం ________.

9.4 కథ

కింది కథను ముందు మీరు మౌనంగా ఒకసారి చదవండి. పిల్లలతో చదివేటప్పుడు ఎక్కడ ఆగాలో గుర్తు పెట్టుకోవడానికి వీలుగా భాగాలకు అంకెలు వేశాం.

మోతీ

(1) చాలా కాలం కిందట ఒక బంజారా ఉండేవాడు. ఎద్దుల మీద ఉప్పు వేసుకొని ఊరూరా తిరిగి అమ్మేవాడు. అతనికి ఒక కుక్క ఉండేది. దాని పేరు మోతీ. పగలు అది ఎద్దుల వెంట నడిచేది. రాత్రి ఉప్పు బస్తాల పక్కన కాపలా కాసేది.

(2) ఒక ఏడు వానలు పడలేదు. గడ్డి ఎండిపోయింది. ఎద్దులు చనిపోయాయి. బంజారా సాహుకారు దగ్గరికి వెళ్ళి అప్పు అడిగాడు. "తాకట్టు ఏం పెడతావు?" అన్నాడు సాహుకారు. బంజారా దగ్గర ఇంకేమీ లేదు. మోతీ ఒక్కటే ఉంది.

(3) "ఈ కుక్కను తాకట్టు పెడతాను. ఏడాదిలో మీ డబ్బు కట్టి దీన్ని తీసుకుపోతాను. ఇది నా మాట" అన్నాడు బంజారా. మోతీ తల నిమిరాడు. "నేను వచ్చేదాకా ఈ ఇల్లు విడిచి రాకు" అని చెప్పాడు. వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. మోతీ చాలాసేపు దారి వైపే చూసింది. కాని గడప దాటలేదు.

(4) ఒక రాత్రి సాహుకారు ఇంట్లో దొంగలు పడ్డారు. నగల పెట్టె ఎత్తుకుపోయారు. వాళ్ళు చాలామంది. చేతుల్లో కర్రలు ఉన్నాయి. మోతీ మొరగలేదు. మొదటిసారి గడప దాటి, చప్పుడు చేయకుండా వాళ్ళ వెనకే వెళ్ళింది. దొంగలు పెట్టెను చెరువులో దాచారు. తెల్లవారగానే మోతీ సాహుకారు పంచె పట్టుకొని లాగింది. చెరువు దాకా తీసుకుపోయింది. నీళ్ళలోకి దిగి మొరిగింది. పెట్టె దొరికింది.

(5) సాహుకారు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాగితం తీసి ఇలా రాశాడు : "నీ మోతీ నా సొత్తు కాపాడింది. నీ అప్పు తీరిపోయింది. మోతీని నీ దగ్గరికి పంపుతున్నాను." ఆ చీటీని మోతీ మెడకు కట్టాడు. "ఇంటికి పో" అన్నాడు. మోతీ పరుగు తీసింది.

(6) అదే సమయంలో బంజారా డబ్బు మూటతో సాహుకారు ఊరికి వస్తున్నాడు. దారిలో మోతీ ఎదురు వచ్చింది. తోక ఆడిస్తూ అతని మీదికి ఎగిరింది. బంజారా ముఖం ఎర్రబడింది. "నా మాట పోగొట్టావు!" అని చేతికర్రతో గట్టిగా కొట్టాడు. మోతీ కింద పడిపోయింది. మళ్ళీ లేవలేదు.

(7) అప్పుడు దాని మెడలో చీటీ కనిపించింది. బంజారా విప్పి చదివాడు. అక్కడే కూర్చుండిపోయాడు. చాలాసేపటికి లేచాడు. మోతీని అక్కడే పూడ్చి, దాని మీద ఒక రాయి నిలబెట్టాడు.

9.5 కథ నేపథ్యం – మీ కోసం

ఈ కథను మన దేశంలో పలు చోట్ల చెప్పుకుంటారు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం బాలోద్ జిల్లాలోని ఖప్రీ గ్రామంలో కుకుర్‌దేవ్ మందిరం ఉంది. బంజారా తాకట్టు పెట్టిన కుక్క జ్ఞాపకార్థం కట్టినదే ఆ గుడి అని అక్కడి వారు చెబుతారు. చెప్పేవారిని బట్టి వివరాలు మారుతుంటాయి. కుక్కకు మోతీ అనే పేరు మనం ఈ పాఠంలో పెట్టుకున్నది. తాకట్టు, దొంగతనం, చీటీ, తొందరపాటు మాత్రం కథకు మూలస్తంభాలు.

బంజారాలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దూరప్రాంతాలకు చేరవేసిన సంచార వర్తకులు. మనం లంబాడీలు, సుగాలీలు అని పిలిచేది ఈ సమాజం వారినే. 1853లో బొంబాయి–ఠాణా మధ్య మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. ఆ తరువాత రైళ్ళు, రోడ్లు పెరిగినకొద్దీ ఎడ్ల బిడారుల వ్యాపారం తగ్గిపోయింది. వారు తండాల్లో స్థిరపడ్డారు. ఊరూరా తిరిగే వర్తకుడికి పొలమూ ఇల్లూ పూచీగా చూపడానికి ఉండవు. ఇచ్చిన మాటే అతనికి పెట్టుబడి. ఈ సంగతి తెలిస్తే 6వ భాగంలోని కోపం మనకు బాగా అర్థమవుతుంది.

ఇలాంటి కథలు మరికొన్ని ఉన్నాయి. పంచతంత్రంలో "అపరీక్షితకారకం" అనే భాగంలో ముంగిస కథ ఉంది. పామును చంపి పసిబిడ్డను కాపాడిన ముంగిస నోటికి రక్తం చూసి, అది బిడ్డనే చంపిందని భ్రమపడి దాన్ని చంపేస్తారు. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో గెలర్ట్ అనే వేటకుక్క గురించి కూడా ఇటువంటి కథే చెబుతారు. పరిశీలించకుండా చేసే పని గురించి హెచ్చరించడం వీటన్నిటి ఉద్దేశం. మన కథలో ఆ హెచ్చరిక చదువుతో ముడిపడి ఉంది. నిజం చీటీలో రాసే ఉంది. చదవవలసిన వాడు దాన్ని చదవకముందే తీర్పు చెప్పాడు.

9.6 పిల్లలతో చదివే పద్ధతి

(అ) చదివే ముందు

కథలో పిల్లలకు కొత్తగా ఉండే మాటలు ముందే చూసుకోండి. ఈ కథలో అవి : తాకట్టు, సాహుకారు, సొత్తు, గడప. అన్నిటికంటే ముఖ్యమైన మాట "తాకట్టు". అది తెలియకపోతే మోతీ పరాయి ఇంట్లో ఎందుకు ఉందో, తిరిగి వస్తే బంజారాకు కోపం ఎందుకు వచ్చిందో పిల్లలకు బోధపడదు.

అర్థం చెప్పి వల్లె వేయించడం కంటే ఆడించడం మేలు. "నా పెన్ను నీకిస్తాను. తిరిగి ఇచ్చేదాకా నీ బంతి నా దగ్గర ఉంచు" అనండి. పెన్ను ఇవ్వగానే బంతి ఇచ్చేయండి. "పెన్ను ఇవ్వకముందే బంతి నీ దగ్గరికి దొర్లుకుంటూ వచ్చేస్తే నేనేమనుకుంటాను?" అని అడగండి. పిల్లలు నవ్వుతూనే అసలు విషయం గ్రహిస్తారు.

(ఆ) చదివేటప్పుడు

మొదటిసారి మీరు పైకి చదవండి. రెండోసారి పిల్లలు చదవాలి. కథ మధ్యలో మూడు చోట్ల మాత్రమే ఆగండి. ప్రతి వాక్యానికీ ఆగితే కథ రుచి పోతుంది.

మొదటి ఆగుదల, 3వ భాగం తరువాత : "బంజారా వెనక్కి తిరిగి ఎందుకు చూడలేదు?"
రెండో ఆగుదల, 5వ భాగం తరువాత : "మోతీ వస్తున్న సంగతి బంజారాకు తెలుసా?"
మూడో ఆగుదల, 6వ భాగం తరువాత : "బంజారా ఏమనుకున్నాడు?"

రెండో ఆగుదల అన్నిటికంటే ముఖ్యమైనది. దాన్ని వదిలివేయకండి. కారణం 9.7లో తెలుస్తుంది.

(ఇ) చదివిన తరువాత

పుస్తకం మూసి, కథను సొంత మాటల్లో చెప్పమనండి. ఇద్దరు ముగ్గురు పిల్లలు ఉంటే తలా ఒక భాగం చెప్పవచ్చు. చిన్నవాళ్ళు బొమ్మ వేసి చూపవచ్చు. ఇంట్లో లంబాడీ, ఉర్దూ, గోండీ వంటి భాష మాట్లాడే పిల్లలను వారి భాషలోనే చెప్పనివ్వండి. తెలుగులో చదివి తన ఇంటి భాషలో చెప్పగలిగిన బిడ్డకు కథ అర్థమైనట్లే. తెలుగు మాటలు తరువాత అందించవచ్చు.

మీకే చదవడం ఇంకా పూర్తిగా పట్టుబడకపోతే వెనకాడవద్దు. బిడ్డ చేత చదివించుకొని మీరు వినండి. "అలాగా! తరువాత?", "అతను అలా ఎందుకు చేశాడంటావు?" అని అడగండి. నిజంగా తెలుసుకోవాలని అడిగే పెద్దల ముందు పిల్లలు ఉత్సాహంగా చెబుతారు.

9.7 మూడు రకాల ప్రశ్నలు

మొదటి రకం : కథలో ఉన్నదే చెప్పే ప్రశ్నలు
మోతీ రాత్రి ఏం చేసేది? దొంగలు పెట్టెను ఎక్కడ దాచారు? చీటీని ఎవరు రాశారు?
వీటికి జవాబు ఒక వాక్యంలో దొరుకుతుంది. పిల్లలకు ధైర్యం కలగడానికి వీటితో మొదలుపెట్టండి. కాని వీటితో ఆపకండి.

రెండో రకం : కథ ఆధారంగా ఊహించే ప్రశ్నలు
దొంగలను చూసి మోతీ ఎందుకు మొరగలేదు? "గడప దాటలేదు" అన్న మోతీ 4వ భాగంలో ఎందుకు దాటింది? బంజారాకు మోతీ అంటే ఇష్టమేనా? ఎలా చెప్పగలవు?
వీటి జవాబు ఒక్క వాక్యంలో దొరకదు. రెండు మూడు వాక్యాలను కలిపి ఆలోచించాలి. "కథలో ఏ మాట చూసి అలా అంటున్నావు?" అని తప్పక అడగండి. ఆ మాటను వేలితో చూపించమనండి. ఊహకు ఆధారం ఉండాలన్న అలవాటు ఇలా ఏర్పడుతుంది.

మూడో రకం : కథను దాటి ఆలోచించే ప్రశ్నలు
నువ్వే బంజారా అయితే ఏం చేసేవాడివి? మనం కూడా సంగతి తెలుసుకోకుండా ఎవరి మీదైనా కోప్పడ్డామా? సాహుకారు ఇంకెలా కబురు పంపి ఉండవచ్చు?
వీటికి ఒకే సరైన జవాబు ఉండదు. కారణం చెప్పగలిగితే చాలు.

ఎవరికి ఏమి తెలుసు?

ఈ కథ ప్రాణమంతా ఒక్క విషయంలో ఉంది. చదివే మనకు తెలిసినది వేరు, కథలోని బంజారాకు తెలిసినది వేరు. నాలుగైదేళ్ళ వయసు నుంచి పిల్లలు ఈ తేడాను క్రమంగా పట్టుకోగలుగుతారు. అంతకంటే చిన్నవాళ్ళు తమకు తెలిసినది అందరికీ తెలుసని అనుకుంటారు. అందుకే 5వ భాగం తరువాత ఆగమని చెప్పాం. పలక మీద రెండు గడులు గీసి పిల్లల చేత నింపించండి.

మనకు తెలిసినవి : దొంగతనం జరిగింది. మోతీ పెట్టె పట్టించింది. అప్పు రద్దయింది. సాహుకారే మోతీని పంపాడు.
బంజారాకు తెలిసినవి : మోతీని ఇల్లు విడిచి రావద్దన్నాడు. అప్పు ఇంకా కట్టలేదు. అయినా మోతీ వచ్చేసింది.

రెండో గడిలో ఉన్నంతవరకే మనకు తెలిసి ఉంటే మనమూ మోతీ తప్పించుకొని వచ్చిందనే అనుకుంటాం. పిల్లలకు ఇది స్ఫురించిన క్షణంలో కథ వారికి నిజంగా అర్థమైనట్లు. కింది సంభాషణ చూడండి.

అమ్మ : బంజారా మోతీని ఎందుకు కొట్టాడు చిన్నీ?
చిన్ని : వాడు చెడ్డోడు.
అమ్మ : అలాగా! మూడో భాగంలో మోతీని వదిలి వెళ్ళేటప్పుడు ఏం చేశాడు? చదువు.
చిన్ని : "మోతీ తల నిమిరాడు."
అమ్మ : చెడ్డోడైతే నిమురుతాడా?
చిన్ని : ఊహూ. ఇష్టమే. మరి ఎందుకు కొట్టాడమ్మా?
అమ్మ : కొట్టేటప్పుడు ఏమన్నాడో చూడు.
చిన్ని : "నా మాట పోగొట్టావు!" ...అంటే, మోతీ చెప్పకుండా వచ్చేసిందనుకున్నాడా?
అమ్మ : నువ్వేమంటావు?
చిన్ని : అనుకున్నాడు. చీటీ చూళ్ళేదు కదా!

ఇక్కడ అమ్మ జవాబు చెప్పలేదు. "తప్పు" అని కూడా అనలేదు. రెండుసార్లు పుస్తకంలోకి పంపింది. జవాబు చిన్నియే వెతుక్కుంది.

పాఠ్యగత ప్రశ్నలు 9.2
కింది ప్రశ్నలు ఏ రకానికి చెందినవో రాయండి.
1. బంజారా ఎద్దుల మీద ఏం వేసుకొని తిరిగేవాడు?
2. సాహుకారు కళ్ళలో నీళ్ళు ఎందుకు తిరిగాయి?
3. నీకు కోపం వచ్చినప్పుడు ఏం చేస్తే మంచిది?

9.8 తప్పు జవాబు కూడా మనకు సమాచారమే

పిల్లలు చెప్పే జవాబు వెనుక ఒక ఆలోచన ఉంటుంది. దాన్ని పట్టుకుంటే ఏం నేర్పాలో తెలుస్తుంది.

"మోతీ పారిపోయి వచ్చింది" అంటే – బంజారా చేసిన పొరపాటే బిడ్డా చేస్తోంది. 5వ భాగం మనసుకు ఎక్కలేదు. దాన్ని మళ్ళీ చదివించి, "మోతీని ఇంటికి పొమ్మన్నది ఎవరు?" అని అడగండి.

"మోతీ చీటీ చూపించవచ్చు కదా!" అంటే – ఇది మంచి ఆలోచన. నిజం మోతీకి తెలుసు, బంజారాకు తెలియదు అన్న తేడాను బిడ్డ గ్రహించింది. "మోతీకి మాటలు రావు కదా, మరి ఏం చేసింది?" అని అడగండి. "తోక ఆడించింది" అన్న మాట దగ్గరికి బిడ్డే వస్తుంది.

"మోతీకి దొంగలంటే భయం, అందుకే మొరగలేదు" అంటే – తోసిపుచ్చకండి. "భయపడితే వాళ్ళ వెనక వెళుతుందా?" అని అడిగి, తరువాతి వాక్యం చదివించండి.

ఏమీ చెప్పకపోతే – అర్థం కాలేదనుకోవద్దు. మాట దొరక్కపోవచ్చు, బెరుకు కావచ్చు. "నువ్వు మోతీ, నేను బంజారా" అని నటించి చూడండి.

9.9 కథలో విషాదం – కొన్ని జాగ్రత్తలు

మోతీ చనిపోయినప్పుడు కొందరు పిల్లలు ఏడుస్తారు. ఇంట్లో పెంచుకున్న కుక్క చనిపోయిన పిల్లలైతే మరీ బాధపడతారు. "కథే కదా, ఏడవకు" అని కొట్టిపారేయకండి. బాధ కలిగిందంటే కథ వారి మనసుకు చేరింది. "నాకూ బాధగానే ఉంది" అనండి. కాసేపు మాట్లాడనివ్వండి.

ఐదేళ్ళ లోపు పిల్లలకు కథను 5వ భాగంతో ఆపవచ్చు. మోతీ పరుగు తీయడం దగ్గర ఆ కథ నిండుగానే ఉంటుంది. పెద్ద పిల్లలకు ముగింపును మార్చి చదవకండి. చదవడం పూర్తయ్యాక "ఇంకోలా జరిగి ఉంటే?" అని కొత్త ముగింపు చెప్పనివ్వండి, రాయనివ్వండి. అసలు కథ బాగా అర్థమైన వారే కొత్త ముగింపు చెప్పగలుగుతారు.

రెండు పనులు చేయకండి. ఒకటి, "చూశావా, నువ్వూ ఇలాగే కోపం తెచ్చుకుంటావు" అని కథతో బిడ్డను దెప్పడం. రెండు, "బంజారాలు కోపిష్టివాళ్ళు" అన్న భావం కలగనివ్వడం. అతను కోపించింది అప్పు ఎగవేయాలని కాదు, మాట నిలుపుకోవాలని. డబ్బు మూటతో గడువులోపే బయలుదేరాడని పిల్లలకు గుర్తు చేయండి.

9.10 చెప్పుకునే కథ, జరిగిన సంగతి

"ఇది నిజంగా జరిగిందా?" అని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న. మోతీ కథ తరతరాలుగా నోటి మాటగా వచ్చింది. ఎప్పుడు జరిగిందో, బంజారా పేరేమిటో చెప్పే ఆధారాలు మన చేతిలో లేవు. దీని పక్కన మరో కుక్క సంగతి చెప్పండి.

జపాన్‌లో 1923లో ఒదాతే ప్రాంతంలో అకితా జాతి కుక్కపిల్ల పుట్టింది. పేరు హచి. తరువాత అందరూ హచికో అన్నారు. టోక్యో విశ్వవిద్యాలయంలో వ్యవసాయ శాస్త్రం బోధించే ఆచార్య హిదెసబురో ఉఎనో దాన్ని పెంచుకున్నారు. ఆయన తిరిగి వచ్చే వేళకు అది షిబుయా రైల్వే స్టేషను దగ్గర ఎదురుచూసేది. 1925 మే నెలలో ఆయన పనిలో ఉండగానే మరణించారు. హచికో మాత్రం స్టేషనుకు రావడం మానలేదు. దాదాపు పదేళ్ళపాటు, 1935 మార్చి 8న చనిపోయేవరకు అది అలా వస్తూనే ఉంది. 1934లో, అది బతికి ఉండగానే, స్టేషను ముందు దాని కంచు విగ్రహం పెట్టారు. యుద్ధకాలంలో ఆ విగ్రహాన్ని కరిగించారు. 1948లో కొత్తది నిలిపారు. అది నేటికీ ఉంది.

ఇక్కడ తేదీలు ఉన్నాయి, పేర్లు ఉన్నాయి, పత్రికల్లో వచ్చిన వార్తలు, ఫొటోలు ఉన్నాయి. అందుకే దీన్ని జరిగిన సంగతి అంటాం. అలాగని మోతీ కథ అబద్ధమని చెప్పనక్కరలేదు. "హచికో కథ ఏం జరిగిందో చెబుతుంది. మోతీ కథ మనం ఎలా నడుచుకోవాలో ఆలోచింపజేస్తుంది" అని చెప్పండి. చదివేది ఏ రకమైన రచనో గుర్తించడం కూడా అవగాహనలో భాగమే.

9.11 మీరు ఏమి నేర్చుకున్నారు?

– అక్షరాలు పలకగలగడం మొదటి మెట్టు. అర్థం చేసుకోవడాన్ని ప్రత్యేకంగా నేర్పాలి.
– కథకు కీలకమైన మాటను చదివే ముందే ఆటలా పరిచయం చేయాలి.
– కథ మధ్యలో కొన్ని చోట్ల మాత్రమే ఆగి ప్రశ్నించాలి.
– ఉన్నది చెప్పే, ఊహించే, కథను దాటి ఆలోచించే ప్రశ్నలు మూడూ కావాలి.
– పాఠకుడికి తెలిసినదానికి, పాత్రకు తెలిసినదానికి తేడా గ్రహిస్తేనే ఇలాంటి కథ అర్థమవుతుంది.
– తప్పు జవాబును ఖండించకుండా, బిడ్డను తిరిగి పుస్తకంలోకి పంపాలి.

9.12 పాఠ్యాంత ప్రశ్నలు

1. "ఎవరు? ఎక్కడ?" అనే ప్రశ్నలు మాత్రమే అడిగితే కలిగే నష్టం ఏమిటి? ఉదాహరణతో వివరించండి.
2. మోతీ కథలో 5వ భాగం తరువాత ఎందుకు ఆగాలి?
3. మీ ప్రాంతంలో చెప్పుకునే ఒక జంతువు కథను పది పన్నెండు చిన్న వాక్యాల్లో రాయండి. దాని మీద ఒక్కో రకానికి రెండేసి ప్రశ్నలు తయారు చేయండి.
4. చేసి చూడండి : మీ ఇంట్లో లేదా పొరుగింట్లో ఒక బిడ్డతో మోతీ కథ చదవండి. బిడ్డ చెప్పిన జవాబుల్లో మిమ్మల్ని ఆశ్చర్యపరచిన ఒకదాన్ని ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. దాని వెనుక ఉన్న ఆలోచన ఏమై ఉంటుందో రెండు వాక్యాల్లో రాయండి. సంపర్క తరగతిలో తోటి అభ్యాసకులతో చర్చించండి.

9.13 పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

9.1 : 1. విభక్తి 2. 2021
9.2 : 1. కథలో ఉన్నదే చెప్పే ప్రశ్న 2. ఊహించే ప్రశ్న (4, 5 భాగాలను కలిపి ఆలోచించాలి) 3. కథను దాటి ఆలోచించే ప్రశ్న

మీ జవాబులు వీటితో సరిపోలకపోతే 9.3, 9.7 విభాగాలను మరొకసారి చదవండి. తొందరేమీ లేదు. తిరిగి చదవడం చదువులో ఒక భాగమే. ఈ పాఠంలోని బంజారా చీటీని ముందే విప్పి ఉంటే మోతీ బతికేది. ఆ సంగతి పిల్లలు తమంతట తామే చెప్పేవరకు ఓపికగా ఎదురుచూడండి.